ఊరూ పేరూ లేని ఫోను

సోమవారం పొద్దున బావగారి పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు చేరడం, నెట్‌వర్కంతా ఒకసారి చూసుకోవడం, ఓనరు రాగానే ఫోను ఆయన ముందు పెట్టి "చూశారా సార్, అన్నీ పచ్చ చుక్కలే" అనడం. ఆ శుక్రవారంతో బావగారి పరీక్షాకాలం ముగుస్తుంది. ఉంచుకుంటారో పంపించేస్తారో ఆరోజు తేలిపోతుంది. నలభై దాటాక కొత్తగా నేర్చుకుని మొదలుపెట్టిన పని అది. ఇది పోతే ఇంకోటి దొరుకుతుందన్న నమ్మకం ఆయనకు లేదు. ఆయన భార్యకు అసలే లేదు.

నిజానికి ఆయన ఆ ఆఫీసులో ఒక్కడికే బావ. అది పరుపులు తయారుచేసి అమ్మే కంపెనీ. వెనక షెడ్డులో కుడతారు, కింద షోరూములో అమ్ముతారు, మేడ మీద లెక్కలు చూస్తారు. షోరూములో సేల్స్‌మన్ ఆయన భార్యకు తమ్ముడు. మొదటిరోజు ఆయన్ని వెంటబెట్టుకొచ్చి, "మా బావ సార్. నెట్‌వర్కింగ్ కోర్సు చేశాడు. నాదే పూచీ" అని ఓనరుకు అప్పగించాడు. మధ్యాహ్నానికి అకౌంటెంటమ్మ, సాయంత్రానికి షెడ్డులో కుట్టేవాళ్లు, మర్నాటికి సాక్షాత్తూ ఓనరు కూడా ఆయన్ని బావగారూ అనే పిలవసాగారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అంతకుముందు బావగారు ఒక పెద్ద దుకాణంలో గుమ్మం దగ్గర నిలబడేవారు. బిల్లులో ఉన్న సబ్బు సంచిలో ఉందా, సంచిలో ఉన్న సబ్బు బిల్లులో ఉందా అని సరిచూసి పంపించడం ఆయన పని. ఏళ్ల తరబడి అదే పని చేసేసరికి చూపు అలాగే స్థిరపడిపోయింది. ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్లేటప్పుడు ఆయన కళ్లు వాళ్ల మొహాల మీద కాక చేతిసంచుల మీద ఉండేవి. వదినగారొకావిడ ఈ కారణంగానే రావడం మానేసింది. ఆఖరికి దుకాణం వాళ్లు గుమ్మానికి మిషను బిగించి ఆయనకు దండం పెట్టారు. అప్పుడు చేరిందే ఈ సాయంత్రం కోర్సు. అందులో సగం పాఠాలు ఆయన తలకెక్కలేదు గానీ, "నెట్‌వర్కులో ఎవరినీ నమ్మకూడదు" అని మాస్టారు చెప్పిన పాఠం మాత్రం వినగానే వచ్చేసింది. ఈ విద్య తనకోసమే పుట్టిందని ఆరోజే అనుకున్నారు.

ఓనరు కూడా అదే బాపతు మనిషి. ఎదురు వీధిలో ఇంకో పరుపుల కంపెనీ ఉంది. ఇక్కడ ధర తగ్గిస్తే మర్నాడు అక్కడా తగ్గుతుంది. "మన సంగతులన్నీ గాల్లో ఎగిరిపోతున్నాయి బావగారూ. ఆ గాలిని మీరు కట్టెయ్యాలి" అన్నాడు ఓనరు. బావగారు కట్టేశారు. మేడ మీద ఒకటి, షోరూములో ఒకటి, షెడ్డులో ఒకటి వైఫై పెట్టెలు బిగించారు. ప్రతి ఫోనుకూ దానిదంటూ ఒక గుర్తు ఉంటుంది గనక, అందరి ఫోన్లూ తీసుకుని ఏ గుర్తు ఎవరిదో పేర్లు రాసి పెట్టారు. మొదటి వరసలో తన పేరే రాసుకున్నారు. ఏ ఫోను ఏ పెట్టె దగ్గర ఉందో తన ఫోనులోనే కనిపించే ఏర్పాటు చేసుకున్నారు; పేరున్న ఫోను లోపల ఉంటే పచ్చ చుక్క, లేకపోతే ఎర్రచుక్క. ఆదివారం ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు, తన ఫోను మీద కూడా ఎవరైనా కన్నేస్తారేమోనని అనుమానం వచ్చి, అందులో గోప్యత అన్న మాట కనిపించిన ప్రతి మీటా నొక్కేశారు.

సోమవారం వాచ్‌మన్ తాళం తీశాడు. బావగారు మేడెక్కి, కుర్చీలో కుదురుగా కూర్చుని ఫోను తెరిచారు. ఆఫీసులో పురుగన్నది లేదు. తెర మీద మాత్రం ఒక ఫోను ఉంది. దానికి పేరు లేదు, గుర్తు కొత్తది, చోటు మేడ మీద.

బావగారు కుర్చీలోంచి దిగ్గున లేచారు. బల్లల కింద చూశారు. బీరువా వెనక చూశారు. మంచినీళ్ల మిషను పక్కకు జరిపి చూశారు. ఎవరూ లేరు. కింద దాక్కున్నాడేమోనని పిల్లిలా మెట్లు దిగి షోరూములోకి వెళ్లి ఫోను చూసుకుంటే, ఆ పేరులేనిది కూడా షోరూములోనే ఉంది. షెడ్డులోకి పరిగెత్తారు. అదీ షెడ్డులోకి వచ్చేసింది. దొంగ తనకంటే ముందే వచ్చాడు, తను వెతకడం కూడా చూస్తున్నాడు.

ఇక లాభం లేదని, ఆ వరస మీద వేలు పెట్టి 'ఆపెయ్యి' అని నొక్కారు. అంతే, ఆయన తెరే కొయ్యబారిపోయింది. నెట్‌వర్కు పోయింది. "దెబ్బకు దెబ్బ తీస్తావురా?" అని పళ్లు కొరికి, ఫోనులో ఉన్న వైఫై చెరిపేసి, మళ్లీ మొదటినుంచీ కలుపుకున్నారు. తెర తెరుచుకుంది. ఆపేసిన దొంగ ఆగిపోయే ఉన్నాడు. వాడి పక్కన ఇంకో కొత్త గుర్తుతో, పేరు లేకుండా, ఇంకొకడు ప్రత్యక్షమయ్యాడు.

"వేషం మార్చుకొచ్చాడు" అనుకున్నారు బావగారు. భయంతో పాటు కొంచెం గౌరవం కూడా కలిగింది.

ఓనరు వచ్చేసరికి పచ్చ చుక్కల మాట ఎగిరిపోయింది. బావగారు ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేసి, గొంతు తగ్గించి, "సార్, లోపల ఎవడో ఉన్నాడు" అన్నారు.

ఓనరు మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలా? ఎప్పట్నుంచో చెబుతున్నానా? ఇంట్లో వాళ్లు నాకు అనుమానం రోగం అంటారు!" అని కుర్చీలోంచి లేచాడు. "వాణ్ణి పట్టుకోండి బావగారూ. పట్టుకుంటే పర్మనెంటు. శుక్రవారం లోపల పట్టుకోలేకపోతే మాత్రం, ఇంతమందిలో ఒక దొంగని పట్టలేని వాడు నాకెందుకు చెప్పండి?"

అలా బావగారి అన్నం, దొంగ గారి ఆచూకీ ఒకదానికొకటి ముడిపడ్డాయి.

మొదట అకౌంటెంటమ్మ మీద అనుమానం పడింది. ఆవిడ ఎప్పుడు చూసినా ఫోనులో ఏదో నొక్కుతూ తనలో తను నవ్వుకుంటుంది. అయితే మంగళవారం ఆవిడ సెలవు పెట్టింది. దొంగ పెట్టలేదు. తరవాత షెడ్డులో కుట్టేవాళ్లను వరసగా చూశారు. వాళ్లంతా లోపల ఉన్నప్పుడు దొంగ మేడ మీద ఉన్నాడు. దాంతో మిగిలింది షోరూము. షోరూములో ఉన్నది బావమరిది.

బావగారికి అడుగు ముందుకు పడలేదు. అనుమానించకూడదని కాసేపు గట్టిగా ప్రయత్నించారు. తరవాత, అనుమానం తీర్చుకోవడం కోసమైనా ఒకసారి చూడాలి కదా అని షోరూములోకి వెళ్లి, నిలువుగా పేర్చిన పరుపుల వెనక చేరారు. సందులోంచి బావమరిది కనిపిస్తున్నాడు. ఫోను చూసుకుంటే పేరులేనిది షోరూములోనే ఉంది. బావమరిది ఒకావిడకు పరుపు చూపిస్తున్నంతసేపూ ఉంది. అతను భోజనానికి లేచాడు. బావగారూ వెనకాలే లేచారు. పేరులేనిది కూడా భోజనాలు చేసే మేడ మీదికి వచ్చింది.

"ఏంటి బావా, పొద్దుట్నుంచీ నా వెనకాలే తిరుగుతున్నావు?" అన్నాడు బావమరిది ముద్ద కలుపుతూ.

"నేనా? నేనెందుకు తిరుగుతాను? వైర్లు చూస్తున్నా."

"పరుపుల్లో వైర్లేంటి బావా?"

బావగారు నీళ్ల గ్లాసు ఎత్తి చాలాసేపు తాగారు.

బుధవారం బావమరిది వ్యానులో ఒక ఇంటికి పరుపు దించి రావడానికి బయల్దేరాడు. దారిలో ఎవరిని కలుస్తాడోనని బావగారు "నాకూ అటే పనుంది" అంటూ పక్కన ఎక్కి కూర్చున్నారు. తిరిగొచ్చాక ఫోనులో వెనక్కి వెళ్లి చూశారు. వ్యాను బయటికి వెళ్లగానే పేరులేనిది కూడా ఆఫీసులోంచి మాయమైంది. వ్యాను తిరిగి రాగానే వచ్చింది. ఇంకా అనుమానం ఏముంది? అడ్డంగా దొరికిపోయాడు.

బావగారికి బాధ వేసింది. నిజంగానే వేసింది. దుకాణం ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఒక్క మాట అనకుండా వచ్చి, "కోర్సులో చేరు బావా, మిగతాది నేను చూసుకుంటా" అన్నవాడు వీడే. వీడు లేకపోతే తనకు ఈ ఆఫీసులో కాలు పెట్టే యోగమే లేదు. ఆ సంగతి మర్చిపోయేంత రాయి కాదు ఆయన. నోరు మెదపకూడదని గట్టిగా నిర్ణయించుకుని ఓనరు గదిలోకి వెళ్లారు.

"తేలిందా?" అన్నాడు ఓనరు.

"ఇంకా లేదు సార్."

"మేడ మీదవాళ్లా?"

"అబ్బే."

"షెడ్డా?"

"కాదు సార్."

"అయితే షోరూమే!"

బావగారు నీళ్లు నమిలారు. ఇటువంటి సమయంలో నీళ్లు నమిలితే సంతకం పెట్టినట్టేనని ఆయనకు తెలుసు. గుమ్మం దగ్గర ఎంతమందిని అలా పట్టుకున్నారో!

ఇంటికి వెళ్లేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. నోరు తెరిపించడం అలవాటైన మనిషి.

"ఏవండీ, మా తమ్ముడు దొంగా?"

"నేనలా అన్నానా?"

"మీరు అనలేదు. మీ ఓనరు వాణ్ణి పిలిచి, శుక్రవారం అందరి ముందూ తేలుస్తా, ఈలోగా ఒప్పుకుంటే పరువు దక్కుతుంది అన్నాడట. ఎవరూ చెప్పకుండానే ఆయనకు కలొచ్చిందా?"

"అది కాదే, మిషను చూపిస్తోంది..."

"మిషను చూపిస్తే సరిపోయిందా? చిన్నప్పుడు పక్కింటివాళ్ల జామకాయ కోస్తే మూడురోజులు నిద్రపోని వెధవండీ వాడు! వాడి ఉద్యోగం పోతే మీ ఉద్యోగం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. చెబుతున్నా" అని ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

శుక్రవారం ఓనరు అందరినీ షోరూములోకి పిలిపించాడు. బల్ల మీద ఒక ఇనప్పెట్టె పెట్టించాడు. "ఎవరి ఫోను వాళ్లు ఇందులో వెయ్యండి. అన్నీ ఆపేసి మరీ వెయ్యండి. అప్పుడు ఆ పేరులేనిది కూడా ఆగిపోతే, అది మీలో ఒకరిదే" అన్నాడు. బావమరిది ఎవరి మొహమూ చూడకుండా ముందుకొచ్చి మొట్టమొదట తన ఫోనే వేశాడు. తరవాత అకౌంటెంటమ్మ, కుట్టేవాళ్లు, వాచ్‌మన్ వేశారు. ఓనరు తనదీ వేసి తాళం పెట్టాడు. షోరూములో ఒక మూల ఎవరో భార్యాభర్తలు కొనబోయే పరుపు మీద పడుకుని చూస్తున్నారు. వాళ్లను కదిలించడం ఎందుకని వదిలేశారు.

"చూడండి బావగారూ" అన్నాడు ఓనరు.

బావగారు ఫోను చూశారు. పచ్చ చుక్కలన్నీ ఒకటొకటిగా ఆరిపోయాయి. పేరులేనిది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు వెలుగుతోంది.

"ఉంది సార్. ఇక్కడే ఉంది. షోరూములోనే!"

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. బావమరిది ఊపిరి పీల్చుకుని, "నా ఫోను పెట్టెలో ఉంది సార్" అన్నాడు.

"పెట్టెలో వేసింది పైకి చూపించే ఫోను! రెండోది ఎక్కడ దాచావు?" అని ఓనరు షోరూమంతా కలియజూశాడు. ఎదురుగా మధ్యలో కంపెనీకే తలమానికమైన పరుపు ఉంది. దాని పక్కనే రోజూ బావమరిది నిలబడేది. ఓనరు కళ్లు అక్కడ ఆగాయి. "ఫోను దాచాలంటే పరుపుకంటే మంచి చోటుందా? షెడ్డులోంచి కత్తెర తెండి!"

"సార్, అందులో ఏమీ లేదు సార్!" అన్నాడు బావమరిది. గొంతు వణికింది.

ఆ వణుకు బావగారికి తగిలింది. ఇది ఆపాలంటే దొంగనే ఆపాలి అనుకుని, పేరులేనిదాని మీద వేలు పెట్టి 'ఆపెయ్యి' అని నొక్కారు. ఆయన తెర మళ్లీ కొయ్యబారింది. దెబ్బకు దెబ్బ. ఎవడు కొట్టాడు? అన్ని ఫోన్లూ పెట్టెలో ఉన్నాయి. పెట్టె బయట ఉన్న ఫోను ఈ ఆఫీసులో ఒక్కటే. అది తన చేతిలో ఉంది.

కొయ్యబారిన తెర మీద, అన్నిటికంటే పైన, మొదటి వరసలో ఆయన పేరు ఉంది. పక్కన 'ఇక్కడ లేదు' అని ఎర్రచుక్క ఉంది. సోమవారం నుంచీ అలాగే ఉండి ఉంటుంది. తనను తాను అనుమానించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు గనక ఆ వరస ఆయన చూడనేలేదు. ఆదివారం ఎడాపెడా నొక్కిన మీటల్లో ఒకటి, ఫోను తన అసలు గుర్తు దాచేసి మారుగుర్తులు చెప్పే మీట. ఈ పాఠం కోర్సులో ఉంది. మాస్టారు చెప్పినప్పుడు ఆయన పక్కవాడి సంచి వైపు చూస్తున్నారు.

నోరు మూసుకుంటే ఆ క్షణాన ఆయన గెలిచినట్టే. దొంగ ఆగిపోయాడు సార్, అంటే చాలు. కానీ ఓనరు చేతిలో కత్తెర ఉంది, బావమరిది కళ్లలో నీళ్లున్నాయి.

"ఆగండి సార్! ఆ దొంగ ఫోను నాదే!" అని అరిచారు బావగారు.

జరిగిందంతా చెప్పారు. ఓనరు సాంతం విని, ఆయన భుజం తట్టాడు.

"బావమరిది మీద ప్రేమ ఉండాలి బావగారూ. కానీ నేరం నెత్తినేసుకునేంత ఉండకూడదు."

"అయ్యో, నిజం సార్! కావాలంటే చూడండి" అని బావగారు గబగబా వైఫై చెరిపి మళ్లీ కలిపారు. తెర మీద కొత్త గుర్తుతో ఇంకో పేరులేనిది వెలిగింది. "ఇదిగో, ఇదీ నేనే! పైన ఆపేసిందీ నేనే! దాని పైదీ నేనే!"

"మొత్తం ఎంతమంది మీరు?" అన్నాడు ఓనరు, ఒక అడుగు వెనక్కి వేసి. "అర్థమైంది. ఇద్దరూ కలిసే చేస్తున్నారు. ఆ ఫోను మీ దగ్గర, రెండోది పరుపులో!"

ఇన్నేళ్లలో బావగారి మాట నమ్మనివాళ్లు ఎవరూ లేరు. గుమ్మం దగ్గర నమ్మకపోవడం ఎప్పుడూ ఆయన వంతే. ఇప్పుడు నోరు నొప్పెట్టేలా నిజం చెబుతున్నా ఒక్కడూ నమ్మకపోతే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. ఏడుపొచ్చినంత పనైంది. ఆయన అడ్డుపడేలోపే ఓనరు కత్తెర దించాడు. పరుపు ఈ చివరనుంచి ఆ చివరదాకా పర్రున చీలింది.

ఫోను లేదు. పరుపు మీద అంటించిన కాగితం ప్రకారం నూటికి నూరుపాళ్లు స్వచ్ఛమైన దూది ఉండాలి. అదీ లేదు. పాత కర్టెన్ల పీలికలు, రంగురంగుల స్పాంజి ముక్కలు, ఎవరిదో చొక్కా చెయ్యి ఒకటి బొత్తంతో సహా బయటికి వచ్చాయి. కుట్టేవాళ్లు తలలు వంచుకున్నారు. అకౌంటెంటమ్మ కిటికీలోంచి బయటికి చూడసాగింది. ఓనరు చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

మూల పరుపు మీద పడుకున్న భార్యాభర్తలు లేచి కూర్చున్నారు.

"ఇందాక మాకు చూపించిన రకం ఇదే కదండీ?" అన్నాడు భర్త.

ఓనరు కత్తెరను వీపు వెనక్కి పెట్టుకున్నాడు. అప్పుడు బావమరిది కళ్లు తుడుచుకుని, చొక్కా సర్దుకుని, వాళ్ల దగ్గరికి నడిచాడు.

"అదే చూపిద్దామని పిలవబోతున్నానండీ! అది బయట కంపెనీ సరుకు. పైకి అచ్చం మనదానిలాగే ఉంటుంది. లోపల చూశారుగా? జనం మోసపోకూడదని మా ఓనరుగారు డబ్బు పెట్టి కొని, తన చేత్తో కోసి మరీ చూపిస్తారు. ఈ రోజుల్లో ఇలాంటి మనిషి ఉంటాడా చెప్పండి?"

భార్య లేచి వచ్చి, చొక్కా చెయ్యి పట్టుకుని చూసింది. "మరి మీది కూడా ఒకటి కోసి చూపించండి" అంది.

"మాదాన్ని కొయ్యకూడదమ్మా. కోస్తే పదేళ్ల గ్యారంటీ పోతుంది."

వాళ్లు రెండు పరుపులు కొనుక్కుని వెళ్లారు.

వ్యాను కదిలాక ఓనరు ఇనప్పెట్టె తాళం తీసి, ఎవరి ఫోను వాళ్లకు తన చేత్తోనే ఇచ్చాడు. ముందు బావమరిదికిచ్చాడు. "జరిగిందేదో జరిగింది. ఇక దొంగలూ గింగలూ అన్న మాట ఈ గోడల మధ్య ఎత్తొద్దు. అందరం మనవాళ్లమే" అన్నాడు. తరవాత బావగారి వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "మీరు సోమవారం నుంచి పర్మనెంటు బావగారూ. నెట్‌వర్కు చూసుకోండి చాలు. పరుపుల వైపు చూడక్కర్లేదు" అన్నాడు.

బావగారు బావమరిదిని మెట్ల కిందికి తీసుకెళ్లి చేతులు పట్టుకున్నారు. "తప్పైపోయిందిరా. నిన్ను అనుమానించాను."

"పర్లేదు బావా. నీకది అనుమానం కాదు, అలవాటు" అని బావమరిది నవ్వాడు. "నా సంగతి సరే. అక్కతో మాత్రం నువ్వే చెప్పుకో."

బావగారు చెప్పుకున్నారు. ఉద్యోగం ఖాయమైందని కూడా చెప్పారు. భార్య అంతా విన్నది, సంతోషమే అంది, వేడిగా కాఫీ కూడా ఇచ్చింది. కంపెనీ నెట్‌వర్కంతా ఇప్పుడు బావగారి చేతిలోనే ఉంది. ఇంట్లో వైఫైకి మార్చిన పాస్‌వర్డు మాత్రం ఆయనకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.